పెన్‌డ్రైవు అయ్యవారు

పొద్దున తొమ్మిదిన్నరకు గోడ మీదికి అక్క రావాలి. రాలేదు. అక్కకు బదులు నల్లటి డబ్బా ఒకటి పడింది. డబ్బా నడుమ ఇంగ్లీషులో ఒక ముక్క: ఈ వీడియో అందుబాటులో లేదు.

సుగంతి ప్రొజెక్టరు వైరు కదిలించింది. ల్యాప్‌టాప్ మూసి తెరిచింది. కిటికీ కమ్మీకి గుడ్డసంచిలో వేలాడదీసిన ఫోనును ఇంకో జానెడు పైకి కట్టింది. ఆ బళ్ళో సిగ్నలు దొరికేది ఆ కమ్మీ దగ్గర ఒక్కచోటే. రెండు గీతలు వచ్చాయి. డబ్బా మాత్రం పోలేదు. తర్వాతి పాఠం నొక్కింది. అదీ డబ్బానే. ఆ తర్వాతదీ డబ్బానే.

“మిస్, అక్క యాడికి పోయింది?” అన్నాడు ముందు వరసలో రూపేష్.

“వాళ్ళమ్మ ఊరికి పోయుంటుందిలేరా,” అంది వెనకనుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. సుగంతి నవ్వలేదు.

తమిళనాడులో గుడియాత్తం నుంచి పరదరామి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపల, ఆ బడి. అందులో తెలుగు సెక్షనంటే ఒకే గది. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి పధ్నాలుగు మంది. తెలుగు చెప్పే నారాయణ అయ్యవారు రిటైరై నాలుగేళ్ళు, పోయి రెండేళ్ళు. ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. పుస్తకాలు మాత్రం ఏటా జూన్‌లో తప్పకుండా వస్తాయి. పిల్లలకు పంచుతారు. పిల్లలు బొమ్మలకు మీసాలు పెడతారు. అంతటితో ఆ పుస్తకాల పని అయిపోతుంది. సుగంతి తాత్కాలిక టీచరు, తమిళంలో చదువుకున్న మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగే గదా, ఆ మాత్రం చెప్పలేదా అని ఆ గదిని తెచ్చి ఆమె నెత్తిన పెట్టారు. నీకు తెలుగు చదవడం వచ్చునా అని ఒక్కరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

అందుకే అక్క. నెట్టులో ఎక్కడో ఆంధ్రాలో కూర్చుని తెలుగు నేర్పే ఒక అమ్మాయి. చేతినిండా రంగురంగుల గాజులు. అచ్చులకు ఎర్రగాజుల చెయ్యి ఎత్తుతుంది, హల్లులకు పచ్చగాజుల చెయ్యి ఎత్తుతుంది. పాఠాన్ని పిల్లల కంటే రెండు రోజులు ముందు సుగంతి తన ఇంట్లో చూస్తుంది, అక్షరాన్ని నోటుబుక్కులో దించుకుంటుంది, పక్కన దాని పలుకును తమిళ అక్షరాల్లో రాసుకుంటుంది. మొదటి పాఠాలు దించి పెన్‌డ్రైవులో పెట్టుకుంది. తర్వాతి వాటిని, దించడానికి ఓపిక లేక, నెట్టునుంచే స్లైడ్లలో అతికించి పెట్టింది. ఇప్పుడు ఆ అతికించినవే డబ్బాలైపోయాయి.

హెడ్మాస్టరు పార్థిబన్ వాకిట్లో నిలబడ్డాడు. ఆయనది తమిళం. తెలుగు వింటే అర్థం చేసుకుంటాడు. అందులో ‘అయ్యవారు’ అన్న ఒక్క మాట మాత్రం ఇష్టంగా పలుకుతాడు.

“ఏం సుగంతీ, పెన్‌డ్రైవు అయ్యవారు లీవా?” అన్నాడు తమిళంలో. ఆమె ముఖం చూసి నవ్వు తగ్గించుకున్నాడు. “సోమవారం వేలూరు విద్యాశాఖ ఆఫీసు నుంచి జ్యోతిక మేడం వస్తున్నారు. నారాయణ గారి పోస్టు ఉంచాలా, తీసెయ్యాలా అని చూసి రాసి పోతారట. బాగా చూపించు. ఉంచితే కొత్త మనిషిని వేస్తారు. తీసేస్తే, వచ్చే జూన్‌కి ఈ గది ఉండదు. ఈ పధ్నాలుగు మందీ తమిళ సెక్షన్లో కూర్చుంటారు.”

మూడేళ్ళ కిందట తల్లిదండ్రులు పెట్టిన అర్జీకి ఇప్పుడు కదలిక వచ్చింది. తెలుగు అయ్యవారు కావాలని తమిళంలో రాసి, తమిళంలో సంతకాలు పెట్టిన అర్జీ. ఇంకెట్లా పెడతారు? ఆ సంతకాల వాళ్ళలో తెలుగు రాయగలిగిన మనిషి ఒక్కరు లేరు. ఆ కుర్చీలో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే తన ఒకటో తరగతి తమిళ పిల్లల దగ్గరికి తాను పోవచ్చునని సుగంతి ఏడాదిన్నరగా రోజులు లెక్కపెడుతోంది.

*

సాయంత్రం గుడియాత్తంలో బస్సు దిగి లోకనాథ్ అంగడికి పోయింది. జెరాక్సు, లామినేషను, నెట్టు అన్నీ అక్కడే. లోకనాథ్ ఒక ఆధార్ కార్డు కత్తిరిస్తూ విన్నాడు.

“అతికించేది వేరే, దించుకునేది వేరే అని నేను అప్పుడే చెప్తి గదా మిస్. అతికిస్తే వాళ్ళ ఇంటి కిటికీలోనుంచి తొంగి చూసినట్టు. వాళ్ళు తలుపేసుకుంటే మనకు గోడే. దించుకుంటే అది మన సంచిలో ఉండాది. యవురు తలుపేసుకున్నా మనకేమి?”

“దించినవి ఎన్ని ఉండాయప్పా?”

“పదకొండు. మిగతావి పాయె.”

“ఆమె యాల తీసేసింది?”

“ఆమె సొత్తు, ఆమె ఇష్టం. ఇంగ యాదో యాప్‌లో పెట్టుకునిందంట. మిమ్మల్ని అడిగి తీయాల్నా?”

సుగంతి ఒకసారి ఆ అక్క వీడియో కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుని రాసింది: మా బళ్ళో నెట్టు సరిగ్గా ఉండదు, దించుకోవచ్చునా అని. జవాబు రాలేదు. ఒక ఎర్ర గుండెబొమ్మ వచ్చింది. దాన్నే అనుమతి అనుకుంది. ఆ బొమ్మ కూడా ఇవాళ వీడియోతో పాటే పోయింది.

“అక్క చెప్పే గౌరి కతన్నా యాడైనా దొరుకుతుందా చూడప్పా. సోమవారం ఇన్స్పెక్షన్. పిల్లోళ్ళకు అదంటే ప్రాణం.”

లోకనాథ్ వెతికాడు. ఎవరో ఆ వీడియోను ఎత్తుకుపోయి తన పేరుతో పెట్టుకున్నాడు. కింది భాగంలో అడ్డంగా పసుపు పట్టీ, దాని మీద వాడి పేరు, వాడి ఫోన్ నంబరు.

“దొంగ సరుకు మిస్. దించమంటారా?”

“దించు. బళ్ళో చూసేదానికి యవురొచ్చి పట్టుకుంటారు?”

పచ్చగీత నెమ్మదిగా పాకింది. వీడియో పేరు తెలుగులో ఉంటే ఆ పాత కంప్యూటరు చదవలేక వరసగా ఖాళీ గళ్ళు చూపించింది. లోకనాథ్ దానికి తమిళంలో పన్నెండు అని నంబరు పెట్టి ఇచ్చాడు. గళ్ళయినా, అక్షరాలయినా ఆ అంగట్లో ఉన్న ఇద్దరికీ ఒకటే. ఇద్దరూ పుట్టినప్పటినుంచీ తెలుగులోనే తిట్టుకుని తెలుగులోనే ఏడ్చినవాళ్ళు.

*

గురువారం కిటికీకి ఫ్లెక్సీ దించి గది చీకటి చేసింది. ఎవరిదో చెవులు కుట్టించే పండగ ఫ్లెక్సీ అది, పాతది. గోడ మీద గౌరి వచ్చింది. గౌరి ఒక మేక. దానికి గొడుగు కావాలి. గొర్రెనడిగింది, గాడిదనడిగింది, గద్దనడిగింది. అక్క ఒక్కో మాట చదువుతుంది, పక్కన ఆ మాట పెద్ద అక్షరాల్లో వెలుగుతుంది, పిల్లలు గట్టిగా చదువుతారు.

బయట ఫ్లెక్సీ మూల కొంచెం లేచింది. సరస్వతమ్మ. నాలుగో తరగతి యోగితకు అవ్వ. యోగిత అమ్మా నాయనా తెల్లవారితే ఆంబూరు చెప్పుల కంపెనీ బస్సెక్కిపోతారు. పిల్లను దించేదీ తీసుకుపోయేదీ అవ్వే. ఆవును కట్టేసి వచ్చి రోజూ కాసేపు కిటికీ దగ్గర నిలబడుతుంది.

“మా యమ్మి గొంతే పైన వినిపిస్తా ఉండాది చూడు,” అంది ఎవరితోనో కాదు, తనతోనే. “మా ఇంట్లో ఇన్నాళ్ళకు ఒకరు తెలుగు చదివినారు.”

కత చివరికొచ్చింది. చివరి వాక్యం గోడకు అడుగున వెలగాలి. వెలగలేదు. అక్కడ దొంగవాడి పసుపు పట్టీ ఉంది. అక్షరాలన్నీ దాని కింద పడిపోయాయి. పట్టీ పైన ఒక కొమ్ము కొసైనా కనిపించలేదు.

పధ్నాలుగు మందీ గొంతెత్తి చదివారు. “గొడుగు కింద గౌరి, గౌరి కింద గడ్డి. గంట నొక్కండి, మరవకండి.”

సుగంతి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

వీడియోను వెనక్కు తిప్పింది. మళ్ళీ పట్టీ. మళ్ళీ చదివారు, ఇంకా గట్టిగా. ఆమె సౌండు తీసేసింది. పిల్లలు అక్క పెదాలను చూసి, గాజుల చెయ్యి చూసి, సగం పట్టుకున్నారు. కత మధ్యలో పట్టీ తగలని చోట వీడియో ఆపి, అటెండెన్సు రిజిస్టరు తీసుకుని ప్రొజెక్టరు ముందు పెట్టి అక్క ఉన్న సగాన్ని మూసేసింది. గోడ మీద ఒట్టి అక్షరాలు మిగిలాయి. రెండు మాటలు, అరచేతులంత పెద్దవి.

“చదవండి.”

ఎవరూ చదవలేదు. ఎవరో దగ్గారు. యోగిత వేలు ఎత్తింది.

“మిస్, అక్కను మూసేస్తే ఎట్లా మిస్?”

“అక్షరాలు చూసి చదువమ్మా. ఇది ఏంది? మొదటిది?”

యోగిత గోడను చూసింది, సుగంతిని చూసింది. “అక్క చెయ్యి ఎత్తితే చెప్తాను మిస్.”

ఒక్కొక్కరినీ పిలిచి గోడ దగ్గర నిలబెట్టింది. ముగ్గురికి కొన్ని అక్షరాలు తెలుసు. ఐదుగురికి అ, ఆ తెలుసు. మిగతావాళ్ళకు అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ఏడాదిన్నర. ఏడాదిన్నరగా ఈ గదిలోనుంచి తెలుగు గొంతెత్తి వినిపిస్తోంది. ఇంట్లో మాట్లాడే భాషే గదా, ఒకసారి వింటే నోటికొచ్చేస్తుంది. నోటికి రావడమే చదవడం అని పిల్లలు అనుకున్నారు, అవ్వలు అనుకున్నారు, బయట దోవన పోయేవాళ్ళూ అనుకున్నారు. తేడా చెప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఉన్న ఒక్కడూ రెండేళ్ళ కిందట కాటికి పోయాడు.

బయట సరస్వతమ్మ ఫ్లెక్సీ మూల వదిలేసింది. “యాలమ్మా నిలిపేస్తిరి?” అంది. “బాగుండె గదా.”

*

శుక్రవారం పార్థిబన్‌కు చెప్పింది. ఆయన మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క రాస్తున్నాడు. పెన్ను దించకుండా విన్నాడు.

“ఇది ఎవరికి తెలుసు?”

“నాకు తెలుసు సార్.”

“నీకూ నాకూ. మేడంకి తెలుగు చదవడం రాదు. పిల్లలు గడగడా ఒప్పజెప్తారు. మేడం సంతోషపడతారు, పోస్టు ఉంచమని రాస్తారు. నిజమైన అయ్యవారు వస్తాడు. వచ్చి మొదటినుంచీ నేర్పుతాడు. నువ్వు ఇప్పుడు నిజం చెప్పావనుకో, ఏమని రాస్తారు? ఈ సెక్షను దండగ, పిల్లలకు ఏమీ రాలేదు, మూసెయ్యండి అని రాస్తారు. నిజం చెప్పి ఎవరిని బాగు చేస్తావు?”

ఆయన చెడ్డవాడు కాదు. వానాకాలం ఆ గది కారితే జేబులోంచి ఖర్చుపెట్టి రేకు వేయించింది ఆయనే. ఆయన మాటలో తప్పెక్కడుందో సుగంతి వెతికింది. దొరకలేదు. దొరకాలని కూడా అంతగా అనుకోలేదు.

ఆ మధ్యాహ్నమంతా పిల్లల చేత గౌరి కత చెప్పించింది. “గంట నొక్కండి” అనే ముక్క తీసేయించింది. రూపేష్ ఒక్కడే దాన్ని వదల్లేకపోయాడు. నోరు మూసుకున్నా పెదాలు కదులుతూనే ఉన్నాయి.

*

సోమవారం జ్యోతిక మేడం పదకొండు గంటలకు జీపు దిగారు. లోపలికి వస్తూనే తెలుగులో మాట్లాడారు. బడంతా తెల్లబోయింది.

“మాయమ్మది మేల్పాడి. ఇంట్లో మాకూ తెలుగే. పేరుకు తెలుగోళ్ళం, ఒక్క అక్షరం రాదు. కొంజం సిగ్గుగానే ఉండాది చెప్పుకునేదానికి.” కుర్చీ వద్దని పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నారు. “ఏదీ, చదవండి వింటాను.”

అక్క వచ్చింది. పిల్లలు వాన కురిసినట్టు చదివారు. గొర్రె దగ్గర గొర్రె గొంతు, గద్ద దగ్గర గద్ద గొంతు. మేడం కళ్ళు చెమర్చాయి. “మాయమ్మ ఇట్లనే చెప్పేది కతలు,” అన్నారు. వీడియో ఆపి ఒకరి చేత చదివించమన్నారు. సుగంతి యోగితను పిలిచింది. పార్థిబన్ గబుక్కున ముందుకొచ్చి, అలమర మీద ఉన్న తెలుగు వాచకం తీసి, నడిమి పేజీ తెరిచి పిల్ల చేతిలో పెట్టాడు. ఫోటోకు బాగుంటుందని.

ఆ పేజీలో బావి బొమ్మ ఉంది. మేక లేదు. ఆ పుస్తకం మొత్తంలో మేక లేదు.

యోగిత నిటారుగా నిలబడింది. పుస్తకం మీది నుంచి కళ్ళు ఎత్తకుండా, ఒక్క తడబాటు లేకుండా, గొడుగు కావాలన్న మేక కత మొత్తం చదివింది. మేడం ఫోను తీసి మొదటినుంచి చివరిదాకా వీడియో పట్టారు. కిటికీ దగ్గర సరస్వతమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది సుగంతే.

“ఎట్లా నేర్పిస్తిరమ్మా ఇంత బాగా?”

అడిగేసరికి సుగంతికి ఎక్కడలేని మాటలు వచ్చాయి. ఫోను కమ్మీకి కట్టడం, స్లైడ్లలో అతికించడం, అవి పోతే దించుకోవడం, తమిళ నంబర్లు, పెన్‌డ్రైవు, ఫ్లెక్సీతో చీకటి చెయ్యడం అన్నీ చెప్పింది. ఏడాదిన్నరగా ఆమె పడిన పాటు గురించి అడిగిన మొదటి మనిషి ఈ మేడమే. మేడం చిన్న డైరీలో రాసుకున్నారు.

“అంటే అయ్యవారు లేకుండానే?”

“లేకుండానే మేడం. లేకుండానే ఇంత చేసినాము. వస్తే ఇంకా యంత బాగుంటుందో మీరే…”

మేడం ఆ మొదటి ‘లేకుండానే’ దగ్గరే పెన్ను మూసేశారు.

*

బుధవారం కాగితం పార్థిబన్ ఫోనుకు వచ్చింది. సుగంతిని పిలిచి తమిళంలో చదివాడు, రెండు సార్లు. తెలుగు ఉపాధ్యాయుడు లేకుండానే డిజిటల్ పద్ధతిలో బోధన సంతృప్తికరంగా సాగుతున్నందున ఖాళీగా ఉన్న పోస్టు అవసరం లేనిదిగా గుర్తించి వెనక్కు తీసుకోవడమైనది. ఇదే పద్ధతిని తెలుగు పోస్టులు ఖాళీగా ఉన్న మరో ఆరు బళ్ళకు వర్తింపజేయాలి. ఇందుకు సుగంతి గారు ఆరు పెన్‌డ్రైవులు తయారు చేసి ఇవ్వాలి. ఆమె కృషికి అభినందనలు.

“ఆరు బళ్ళా?” అంది సుగంతి.

పార్థిబన్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. “నేను అనుకున్నది ఇది కాదు సుగంతీ,” అన్నాడు. నిజమే. ఎవరూ అనుకోలేదు. పోస్టు లాక్కోవడానికి నాలుగేళ్ళుగా కాచుకున్న చేతికి ఒక సాకు కావాలి. దాన్ని వీళ్ళు చప్పట్లు కొట్టి మరీ అందించారు.

మరుసటి రోజు ఒక పూట సెలవు పెట్టి పళ్ళికొండ మీదుగా వేలూరు పోయింది. విరించిపురం దగ్గర బస్సు అరగంట ఆగిపోయింది. ఆ అరగంటా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంది. ఆఫీసులో మేడం ఆమెను చూసి నిజంగానే సంతోషపడ్డారు. టీ తెప్పించారు.

“పిల్లోళ్ళకు చదవను రాదు మేడం,” అంది సుగంతి టీ ముట్టకుండా.

“నేను చూస్తి గదమ్మా.” మేడం ఫోను తీసి పెట్టారు. యోగిత గొంతు ఆఫీసంతా వినిపించింది. పక్క బల్లల దగ్గర ఇద్దరు పని ఆపి నవ్వుతూ విన్నారు. “ఇది చదవడం కాదా?”

“అక్క చెప్పింది ఒప్పజెప్పింది మేడం. పుస్తకంలో ఆ కత లేదు. ఆ పేజీలో ఉండేది బావి.”

మేడం ఫోను ఆపారు. కోపం రాలేదు. అలిసిపోయినట్టు కళ్ళద్దాలు తీశారు.

“అంటే నన్ను ఏమార్చినారా మీరందరూ?”

“పోస్టు వస్తుందని మేడం.”

“సరి.”

“ఇంకొక తూరి వచ్చి పరీక్ష పెట్టండి. యాదైనా తెలుగు కాగితం ఇచ్చి చదివించండి. తెలిసిపోతుంది.”

“యవురికి తెలుస్తుంది?” అన్నారు మేడం. “నాకు రాదు. మీ హెచ్ఎంకు రాదు. వాళ్ళు చదివేది సరా తప్పా అని చెప్పేదానికి ఒక మనిషి కావల్ల గదా. ఆ మనిషి పోస్టే ఇప్పుడు ల్యా.” ఆగి, సుగంతి కళ్ళలోకి చూశారు. “నువ్వు చెప్తావా?”

నాకూ రాదు. రెండే మాటలు. గొంతు దాకా వచ్చాయి. అవి బయటికొస్తే ఈ రోజు సాయంత్రానికే తన పని పోతుంది, గది మూతపడుతుంది, తాను ఏడాదిన్నరగా చేసినదానికి లోకమంతా నవ్వుతుంది. సుగంతి టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పింది. చల్లబడిన టీ మీద మీగడ కట్టింది.

మేడంకు అర్థమైందో ఏమో, కళ్ళద్దాలు పెట్టుకుని ఫైలు దగ్గరికి లాక్కున్నారు.

“పోయి ఆ ఆరు పెన్‌డ్రైవులూ చెయ్యమ్మా. అదన్నా ల్యాకపోతే ఆ పిల్లోళ్ళ చెవిలో కూడా పడదు తెలుగు.”

*

శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సుగంతి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఐదు పెన్‌డ్రైవులు అయిపోయాయి. ఆరోది గుచ్చింది. పచ్చగీత పాకుతోంది. పన్నెండు పాఠాలు, చివరిది దొంగ పట్టీతో సహా.

సరస్వతమ్మ ఈసారి కిటికీ దగ్గర ఆగలేదు. చెప్పులు వాకిట్లో వదిలి లోపలికి వచ్చింది. రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి వెలుగు కనిపిస్తోంది.

“మాయన్న అంకప్ప రాసింది. పలమనేరులో ఉండె. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో రాసినాడు. ఇంట్లో చదివేవోళ్ళు యాడ? నారాయణ అయ్యవారు ఈ బడికి వచ్చినాక ఒకే ఒక తూరి చదివి చెప్పినాడు. ఇంగ మళ్ళా మళ్ళా అడిగేదానికి నాకు సిగ్గయిపాయె.” యోగిత దగ్గరికి పోయి కాగితాన్ని రెండు చేతులతో ఇచ్చింది. “ఇప్పుడు నువ్వు చదువుతా ఉండావు గదమ్మీ. నీ నోట వినల్ల నాకు.”

యోగిత లేచింది. కాగితాన్ని సోమవారం పుస్తకం పట్టుకున్నట్టే పట్టుకుంది. నిటారుగా నిలబడింది. దాని మీది నుంచి కళ్ళు ఎత్తకుండా మొదలుపెట్టింది.

“అనగనగా ఒక ఊళ్ళో గౌరి అనే మేక ఉండేది. గౌరికి గొడుగు కావాలి…”

సుగంతి తల ఎత్తి చూసింది. ఆ పిల్ల మోసం చెయ్యడం లేదు. చదవడమంటే దానికి తెలిసింది అదే. కాగితం చేతబట్టుకుని నిలబడి గౌరి కత చెప్పడం. వేలూరు నుంచి వచ్చి మరీ చప్పట్లు కొట్టింది దానికే.

సరస్వతమ్మ చివరిదాకా విన్నది. మధ్యలో ఆపలేదు. అయిపోయాక మనవరాలి తల మీద చెయ్యి పెట్టింది.

“మాయన్న కాగితంలో మేక యాడిదమ్మా?”

యోగిత కాగితాన్ని తిప్పి చూసింది, వెనక వైపు ఉందేమోనని.

“దీంట్లో మా చెల్లెలి పెండ్లి ఉండాది. ‘నువ్వు రాకపోతే పందిట్లో తాళి కట్టనీయను’ అని రాసినాడు మాయన్న. అయ్యవారు చదువుతా ఉంటే మాయన్న వచ్చి నిలబడి అరిచినట్టు ఉండె.” ముసలామె కాగితం తీసుకుని సుగంతి బల్ల మీద పరిచింది. మడతలను అరచేత్తో సరిచేసింది. “దీనికి చిన్న వయసు, బెదురుకునింది. నువ్వు చదివి చూపించు మిస్సమ్మా. యట్లా చదవల్లనో నేర్చుకుంటాది.”

సిరా గోధుమరంగుకు తిరిగింది. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని పరుగెత్తుతున్నాయి. అక్క చూపించే అక్షరాల్లా ఒక్కొక్కటీ విడిగా నిలబడి లేవు. సుగంతి మొదటి వరసలో వెతికింది. ఒక ‘మ’ దొరికింది. ఇంకొకటి ‘ర’ కావచ్చు. పధ్నాలుగు మంది పిల్లలు బెంచీల మీద నుంచి మెడలు చాచి చూస్తున్నారు.

“నాకు చదవను రాదవ్వా,” అంది.

సరస్వతమ్మకు అర్థం కాలేదు. “కండ్లద్దాలు తేలేదా?”

“అద్దాలు కాదవ్వా. తెలుగు చదవను రాదు నాకు. యప్పుడూ రాదు.”

ముసలామె ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందేమోనని సుగంతి చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

“మరి మొన్న ఆయమ్మకు మీరంతా చూపించింది ఏంది తల్లీ?”

సరస్వతమ్మ కాగితాన్ని పాత మడతల మీదనే మడిచింది. ఒక మడత, రెండు, మూడు, నాలుగు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి పోయేలా నొక్కి, రొంటిన దోపుకుంది.

“సరేలే. ఇన్నేండ్లు ఆగినా, ఇంగ నాలుగు దినాలు ఆగలేనా. కొత్త అయ్యవారు వస్తాడంట గదా, ఆయన చేత చదివించుకుంటా.” వాకిలి దగ్గర చెప్పుల్లో కాలు పెడుతూ తిరిగి చూసింది. “యప్పుడు వస్తాడంట?”

“రాడవ్వా.”

ముసలామె కాసేపు అట్లాగే నిలబడింది, ఒక చెప్పులో కాలు పెట్టి, రెండో కాలు నేల మీదనే ఉంచి. తర్వాత రెండోది కూడా తొడుక్కుని వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా ఆమె చెయ్యి రొంటి మీదనే ఉంది.

ఆరో పెన్‌డ్రైవు పూర్తయిందని కంప్యూటరు టింగుమంది. సుగంతి దాన్ని పీకి మిగతా ఐదింటి పక్కన పెట్టింది.

“మిస్,” అన్నాడు రూపేష్, “అక్కను పెట్టండి మిస్.”

ఆమె లేచి ఫ్లెక్సీ దించింది. గది చీకటైంది. గోడ మీద అక్క వచ్చి ఎర్రగాజుల చెయ్యి ఎత్తింది. పధ్నాలుగు గొంతులు ఒక్కసారిగా లేచాయి. రోడ్డు మీద పరదరామి బస్సు కోసం నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు మాటలాపి అటు తిరిగారు.

“పిల్లోళ్ళు యంత బాగా చదువుతా ఉండారు చూడు,” అంది ఒకామె.